కళ్లు తెరవని పటం

కోరుట్లలో పాత బీడీ కార్ఖానా మీది గదిలో నేను అడుగు పెట్టేసరికి పదకొండు దాటి ఐదు నిమిషాలు. ఊరేగింపు పన్నెండింటికి. అంటే నాకున్నది యాభై ఐదు నిమిషాలు. ఆ తరవాత ఈ గదిలో ఉన్నదంతా జనం భుజాల మీద ఊరంతా తిరుగుతుంది. అలా తిరిగొచ్చిన సాక్ష్యం ఏ కోర్టుకూ పనికిరాదు.

నా పేరు మొహసిన్. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున దొంగ క్లెయిములు పట్టుకోవడం నా వృత్తి. చచ్చిపోయామని కాగితం పుట్టించుకుని హాయిగా బతుకుతున్నవాళ్లను ముగ్గురిని పట్టుకున్నాను. చంపినవాణ్ణి పట్టుకోమని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు, నిన్న సాయంత్రం వజ్రమ్మ అడిగేదాకా.

వజ్రమ్మ భర్త హన్మంతుది బీర్పూర్. కల్లు గీసే గౌండ్లవాళ్ల కులపురాణాన్ని పటం మీద బొమ్మలు చూపిస్తూ పాడే ఇంట్లో పుట్టినవాడు. అతను కథ చెబితే ఆమె వంత పాడేది. మంగళవారం మధ్యాహ్నం ఇంటి నుంచి వెళ్లినవాడు నిన్న, బుధవారం పొద్దున ఈ గదిలో శవమై దొరికాడు. పక్కన పురుగుల మందు డబ్బా, ఎదుట గోడకు విప్పి వేలాడదీసిన కొత్త పటం, చాప మీద రెండు వాక్యాల చీటీ. తెలంగాణ కోసం పోతున్నానని అందులో ఉంది. సకలజనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది, బస్సు లేదు, బడి లేదు, ఆఫీసు లేదు. అలాంటి రోజుల్లో ఆ చీటీని ఎవరు కాదంటారు? మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీలు లేచాయి. సాయంత్రానికి దహనం కూడా అయిపోయింది.

అమరుడన్న మాట నాకూ చిన్నది కాదు. మా గల్లీలో రోడ్డు మీద వంటావార్పు పెడితే బగారా అన్నం డేగిసా మోసినవాణ్ణి. అందుకే ఆ మాటను ఎవడో ముసుగులా కప్పుకున్నాడన్న అనుమానం రాగానే ఒళ్లు మండింది. ఒళ్లు మండటం వేరు, కాళ్లు నిలబడటం వేరు. పొద్దున ఏడింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "అమరుని సావు మీద కథలల్లేటోనికి ఊళ్లె జాగ ఉండది భాయ్" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. వాడి గొంతు గుడ్డలో చుట్టినట్టుంది. అప్పటి నుంచి చాయ్ కూడా దిగలేదు నాకు.

వజ్రమ్మ చెప్పిన సంగతి ఇంతే. కళాబృందాలకు ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు వీళ్ల సంఘానికీ వస్తుంది. గురువుకూ శిష్యులకూ నెలనెలా భృతి, కొత్త పటానికీ వాద్యాలకూ సాయం. సంఘం రిజిస్టరులో కళాకారులు ఇరవై ఐదుగురు. వాళ్లలో నిజంగా కథ చెప్పగలిగినవాళ్లు నలుగురు. మిగతావాళ్లు కాగితం మీదే పుట్టి కాగితం మీదే పాడుతున్నారు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి జగిత్యాల ఫంక్షన్ హాలులో బృందాన్ని కళ్లారా చూడటానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి వస్తున్నాడు. ఆయన ముందు అంతా చెప్పేస్తానని హన్మంతు వారం రోజులుగా అందరితో అంటున్నాడు. మనసులో పెట్టుకుని ఉంటే బతికేవాడేమో.

"ఆయిన చెప్పుదామనుకున్నది నేను చెప్త సారు" అంది వజ్రమ్మ. "కథ చెప్ప, మూడొద్దులు గూడ గాలే. మా పాత పటం చంకల పెట్టుకొని నిలవడి నాలుగు మాటలు చెప్త, గంతే."

ఫీజు మాట నేను ఎత్తలేదు, ఆమే ఎత్తింది. తమకు పెట్టినవాళ్ల పేరు కథలో చెప్పి దీవించడం వాళ్ల ఇంటి ఆనవాయితీ అట. నా పేరు కూడా చెబుతానంది. పదకొండేళ్లలో నాకు ఎవరూ ఇంత పెద్ద ఫీజు ఇస్తామనలేదు.

కాబట్టి నా పని రెండు ముక్కలు. చంపినవాణ్ణి పట్టుకోవడం ఒకటి, నాలుగింటిదాకా వజ్రమ్మను బతికించుకోవడం ఇంకొకటి. రెండోదానికి ఏర్పాటు చేసే ఇటు వచ్చాను. బృందంలో మద్దెల వాయించే శ్రీధర్ పొద్దున ఎనిమిదింటికి మా ఇంటికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, శుభ్రమైన మనిషి, సొంత కారు ఉంది. నా ఎదుట కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. మామ అని పిలిచే హన్మంతు చావు మీద అనుమానముంటే నా వెంట ఉంటానన్నాడు, పనికొస్తుందని గ్రాంటు దరఖాస్తు నకలు ఫైలు నా చేతిలో పెట్టాడు. బస్సుల్లేని రోజున కారున్న ఆప్తుడు దొరకడం కంటే ఏం కావాలి? వజ్రమ్మను బీర్పూర్‌లో ఎక్కించుకుని జగిత్యాలలో మా అక్క అతియా ఇంటికి చేర్చమని అతనికే అప్పజెప్పాను. పదిన్నరకు బయలుదేరామని ఫోన్ కూడా చేశాడు.

గది గుమ్మంలో ఎస్.ఐ. సామేలు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ పాత లెక్క ఒకటుంది. రెండేళ్ల కింద ఒక లారీ తగలబడితే ప్రమాదమని ఆయన రాశాడు, యజమానే తగలబెట్టాడని నేను తేల్చాను. ఆ రోజు నుంచి నన్ను చూస్తే ఆయనకు చింతపండు నమిలినట్టుంటుంది.

"ఏం మొహసిన్ భాయ్, దీనికి గూడ క్లెయిం ఉన్నదా?" అన్నాడు.

"క్లెయిం లేదు. వజ్రమ్మ రమ్మన్నది."

"కేసు అయిపోయింది. మందు తాగి పోయిండని డాక్టర్ రాసిచ్చిండు. చీటీ ఉన్నది."

చీటీలో రాత హన్మంతుదేనని ఎవరు చెప్పారని అడిగాను. హైదరాబాదు ల్యాబుకు పంపాడట, ల్యాబువాళ్లు కూడా సమ్మెలో ఉన్నారట. అంటే ఎవరూ చెప్పలేదన్నమాట. ఆ మాటే అన్నాను. సామేలు ముఖం ఎర్రబడింది. నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు లాక్కెళ్లాడు.

కింద సందు నిండా జనం. హన్మంతు నిలువెత్తు ఫ్లెక్సీని ట్రాక్టరు ముందు కడుతున్నారు. ఆడవాళ్లు కూడా వచ్చారు, బతుకమ్మ రోజులు కదా, తలల్లో గునుగు పూలున్నాయి. ఒకాయన పైకి చూసి నన్ను గుర్తుపట్టి పక్కవాడితో ఏదో అన్నాడు. నేను కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

"మూడు నూర్ల మంది ఉన్నరు" అన్నాడు సామేలు మెల్లగా. "పోయి చెప్తవా, మీ అమరుడు అమరుడు గాదు, ఎవడో సంపిండని? చెప్పి ఇంటికి పోతవా? నాకు ఇద్దరు పిల్లలున్నరు భాయ్. నాకు భయమే. ఉన్నమాట చెప్తున్న."

నాకు కూడా భయమేనని చెప్పాను. అది విని ఎందుకో ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. పదకొండున్నర వరకు చూసుకోమన్నాడు.

గదిలో దుమ్ము గోరు మందాన ఉంది. చాప ఉన్న చోటు ఒక్కటే శుభ్రంగా కనిపిస్తోంది. మూలన కుండ, కుండ మీద మూత, మూత మీద రెండు స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. దుమ్ము లేదు, మెరుస్తున్నాయి. మందు తాగిన మనిషి లేచి రెండు గ్లాసులు కడిగి బోర్లిస్తాడా? ఊడ్చే మనిషి కడిగి ఉంటుందన్నాడు సామేలు. కింది అంతస్తు ఊడ్చే రాధమ్మ గుమ్మం నుంచే శవాన్ని చూసి కేక పెట్టి పరుగెత్తిందని ఆయన రాసిన పంచనామాలోనే ఉంది. గుర్తుచేశాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

అప్పుడు పటం వైపు తిరిగాను.

మూడడుగుల వెడల్పు, పై నుంచి నేల దాకా వేలాడి ఇంకా కింద చుట్ట మిగిలి ఉంది. ఎర్రటి నేల మీద బొమ్మలు. గోడకు అడ్డంగా కట్టిన కరెంటు వైరుకు నాలుగు నల్ల క్లిప్పులతో తగిలించారు, ఆఫీసుల్లో కాగితాల కట్టలకు పెట్టే క్లిప్పులు. పై గడిలో వినాయకుడు, కింద సరస్వతి, ఆ కింద తాటిచెట్లు, గుర్రాలు, రాజులు, కల్లు కుండలు. రంగులు మెరిసిపోతున్నాయి. ఒక్క నిమిషం బాగుందనుకున్నాను. రెండో నిమిషానికి చూపు ఆ బొమ్మల కళ్ల మీదికి పోయింది.

వినాయకుడి కళ్లు తెల్లగా ఉన్నాయి. నల్లగుడ్డు లేదు. సరస్వతికి లేదు, గుర్రాలకు లేదు, ఒక్క మనిషికి లేదు. వంద మొహాలు నా వైపే తిరిగి ఉన్నాయి, ఒక్కటీ చూడటం లేదు. వెల్ల వేసిన గుడ్లలాంటి ఆ కళ్ల ముందు ఒక మనిషి ప్రాణం పోయింది.

"ఇవి గట్లనే ఉంటయేమో" అన్నాడు సామేలు. ఆయన గొంతు కూడా తగ్గింది.

దరఖాస్తు ఫైలులో పటం వేసే నకాషీ వెంకటి నంబరు ఉంది. సిరిసిల్లలో ఉంటాడు, డెబ్బై దాటిన మనిషి. పదకొండు ఇరవైకి స్పీకరు పెట్టి ఫోన్ చేశాను. పటం ఇక్కడ వేలాడుతోందని, బొమ్మల కళ్లలో గుడ్లు లేవని చెప్పాను.

"సారు" అన్నాడు వెంకటి, "ముందుగాల దాని మీద ఏదన్న గుడ్డ కప్పు. కప్పినంకనే మాట్లాడుత."

సామేలు తన పెద్ద టవలు ఇచ్చాడు. వైరు మీద నుంచి వేసి పై రెండు గడులూ కప్పాను, కింది భాగాన్ని చుట్టి ఆ టవలు కిందికి తోశాను. అప్పుడు ముసలాయన చెప్పాడు. పటంలో అన్నీ అయ్యాక చివరికి కళ్లు తెరిపిస్తారు. కథ చెప్పేవాడు కొత్త బట్టలు పెట్టి కొబ్బరికాయ కొట్టాకే నకాషీ నల్లగుడ్డు పెడతాడు. అప్పటిదాకా ఆ బట్ట మీది దేవుళ్లు పుట్టనట్టే లెక్క. కళ్లు తెరవని పటాన్ని కథ చెప్పే ఇంటివాళ్లు విప్పరు, కట్టరు, చూడరు. చూస్తే ఆయుష్షు తరుగుతుందని నమ్మకం.

"హన్మంతుకు గిది ఉగ్గుపాలతోని ఎర్క. వాడు సస్త గని గట్ల ఏలాడదియ్యడు సారు" అన్నాడు వెంకటి.

సామేలు నా వైపు చూశాడు. ఈసారి ఆ చూపులో చింతపండు లేదు.

పటం చేయి దాటింది సోమవారమట. వెంకటి కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ పోయి ఉన్నాడు. మొహానికి దస్తీ కట్టుకున్న ఒకాయన సంఘం కాగితం తెచ్చి, పని ఎంతవరకు వచ్చిందో ఫొటో తీసి పంపాలని, రెండు రోజుల్లో తెచ్చిస్తానని చెప్పి పక్కింటి బుచ్చవ్వ దగ్గర తీసుకుపోయాడు. కాగితం మీద సంఘం అధ్యక్షుడు రాజమౌళి సంతకం ఉంది.

"రాజమౌళి" అన్నాడు సామేలు. "ఇప్పుడు వస్తుండు. ఈ పటం ఊరేగింపుల ముందట పట్టాలన్నడు."

పదకొండున్నరకు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రాజమౌళికి అరవై ఉంటాయి, తెల్లబట్టలు, భుజాన కండువా. కథలు చెప్పే ఇంట్లోనే పుట్టాడు కానీ పదవి వచ్చాక పాట మానేశాడు. వెంట వచ్చిన ఇద్దరినీ సామేలు మెట్ల మీదే ఆపేశాడు. నేను నాలుగు ప్రశ్నలు అడిగాను. మంగళవారం ఎక్కడున్నావంటే రోజంతా జగిత్యాలలో దీక్షా శిబిరంలో ఉన్నానన్నాడు, వందమంది చూశారన్నాడు. మరి మధ్యాహ్నం రెండు నలభైకి హన్మంతుకు సంఘం ఆఫీసు ఫోన్ నుంచి కాల్ వచ్చిందని వజ్రమ్మ చెప్పింది, అది ఎవరు చేశారంటే తెలియదన్నాడు. కొత్త పటం ఎప్పుడు చూశావంటే ఇంకా చూడలేదన్నాడు. ఆ గదిలో మొదటిసారి నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే దీన్ని తేల్చే దారి నా చేతిలోనే ఉంది. ఒక్క గుంజు గుంజి టవలు లాగేశాను.

రాజమౌళి ఒక్క క్షణం చూశాడు. మరుక్షణం గోడకు తిరిగి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, కింద కూలబడ్డాడు.

"మూయుర్రి. మూయుర్రి సారు, మీ కాల్మొక్త."

కప్పేశాను. సామేలుకు ఇంకా నమ్మకం లేదు, నటన అన్నాడు. దీన్ని భుజాన పెట్టుకుని ఊరంతా తిరగడానికి ఈయన తనంతట తానే మెట్లెక్కి వచ్చాడు కదా అన్నాను. కళ్లు లేవని తెలిసి ఉంటే వచ్చేవాడా? హన్మంతు చేతుల మీదుగా తెరిచిన పటమనుకునే వచ్చాడు. దీన్ని వేలాడదీసినవాడు ఈ ఆనవాయితీ తెలియనివాడు. కళాకారుడు తన కళ ముందు ప్రాణం విడిచాడని పేపర్లో ఫొటో బాగా పడాలని మాత్రమే ఆలోచించినవాడు.

రాజమౌళి గోడ వైపు నుంచి తిరగకుండానే మాట్లాడాడు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయని, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టానని చెప్పాడు. రిజిస్టరులో దొంగ పేర్లున్నాయని తెలుసు, అది తన తప్పేనన్నాడు. చంపే సంగతి మాత్రం తనకు తెలియదని పిల్లల మీద ఒట్టు వేశాడు.

"మీ బృందంలో ఈ ఇండ్లల్ల పుట్టనోడు ఎవరన్నా ఉన్నరా?" అని అడిగాను.

కింద డప్పులు మొదలయ్యాయి.

"రూలు ప్రకారం బృందానికి ఐదుగురు ఉండాలె" అన్నాడు. "మా మద్దెలాయిన పోయినేడే సచ్చిపోయిండు. నలుగురమే మిగిలినం. ఐదో పేరు లేకుంటే దరఖాస్తు తీసుకోరంట. అగో, దరఖాస్తు నింపేటాయిననే నా పేరు రాసుకోర్రి అన్నడు. మద్దెల పట్టుకొని ఫొటో దిగిండు. ఆ తర్వాత మిగతా దొంగ పేర్లు ఎక్కిచ్చింది గూడ ఆయినే. ఆ మద్దెల గూడ కిరాయిదే. ఆయినకు ఒక్క దెబ్బ గొట్టుడు రాదు సారు."

"పేరు?"

"శ్రీధర్."

నా చెవుల్లో డప్పులు ఆగిపోయాయి. కిందవాళ్లు ఆపలేదు, నాకే వినపడలేదు.

సంచిలోంచి ఫైలు తీశాను. పొద్దున అతను ఇచ్చినప్పుడూ, ఇందాక నంబరు వెతికినప్పుడూ నేను సరిగ్గా చూడనేలేదు. కాగితాల కట్టకు పైన ఒక నల్ల క్లిప్పు. దాని చెవికి పసుపు టేపు ముక్క, టేపు మీద చిన్నగా ఒకటి అంకె. అన్నిటికీ నంబర్లు వేసుకునే మనిషి. టవలు అంచు ఎత్తి వైరు మీది క్లిప్పులు చూశాను. నాలుగింటికీ పసుపు టేపు ఉంది. రెండు, మూడు, నాలుగు, ఐదు.

వాడికి వజ్రమ్మను నా చేతులతో అప్పజెప్పాను. వాడి ఏడుపు చూసి, వాడి కారు చూసి. దొంగ కన్నీళ్లు పసిగట్టడమే పదకొండేళ్లుగా నా తిండి. థూ అని నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది.

పదకొండు నలభై ఎనిమిది. అక్కకు ఫోన్ చేశాను. ఎవరూ రాలేదంది, అన్నం వండి గంట నుంచి ఎదురుచూస్తున్నానంది. పదిన్నరకు బీర్పూర్‌లో బయలుదేరిన కారు ఎంత నెమ్మదిగా నడిచినా పదకొండున్నరకు జగిత్యాల చేరాలి. సామేలు అప్పటికే వైర్‌లెస్‌లో జగిత్యాలవాళ్లతో మాట్లాడుతున్నాడు. కారు రంగు అడిగాడు. తెలుపు అని చెప్పాను, నంబరు గుర్తులేదు.

వజ్రమ్మ నంబరు నొక్కాను. ఆరుసార్లు మోగింది. ఎత్తింది శ్రీధర్.

"చెప్పుర్రి సార్" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. వెనక హోరున శబ్దం. గాలి కాదు, నీళ్లు. బీర్పూర్ నుంచి జగిత్యాల పోయే తోవలో గోదావరి లేదు. గోదావరి దానికి ఎదురు దిక్కున ఉంది. వానలకు ఒడ్డులు ముంచి పారుతోందని నిన్నే విన్నాను.

"ఎక్కడున్నరు?" అన్నాను. గొంతు మామూలుగా ఉంచడానికి గోడ పట్టుకున్నాను.

"ఏం జెయ్యాలె సార్, అవ్వ ఇనలే. మామ పోయినంక పాత పటం ఇంట్ల ఉండద్దట, గంగల కలుపుతనన్నది. వద్దు, నీళ్లు బాగున్నయి అని ఎంత చెప్పినా ఇనలే. పటం పట్టుకొని ఒక్కతే దిగింది సార్." ఆగి ముక్కు ఎగబీల్చాడు. పొద్దున మా ఇంట్లో ఎగబీల్చినట్టే. "నేను ఉరికొచ్చేసరికి కనవడలే. ఎంత పిలిచినా పలుకుత లేదు."

పాత పటాలను గోదావరిలో కలపడం వాళ్ల ఆనవాయితీ అయితే కావచ్చు. కానీ ఆ పాత పటాన్ని చంకలో పెట్టుకుని నాలుగింటికి అధికారి ఎదుట నిలబడతానన్న మనిషి ఆమె. సామేలు నా మొహం చూసి వైర్‌లెస్ దించాడు. రాజమౌళి కండువా తీసి నా వైపు తిరిగాడు. నా ఫీజు, నా పేరు, ఆమె దీవెన, అన్నీ ఆ హోరులో కొట్టుకుపోయాయనుకున్నాను.

అప్పుడు ఫోన్‌లో, శ్రీధర్ వెనక నుంచి, చాలా దగ్గరగా, వజ్రమ్మ గొంతు వినపడింది.

"ఎవలు కొడుకా ఫోన్ల? మొహసిన్ సారేనా? నన్నెందుకు ఈడికి తోలుకొచ్చినవో సారుకు గూడ చెప్పు."

ఫోన్ తెగిపోయింది. పదకొండు యాభై రెండు.